కర్నూలులో చిన్నపిల్లలకు ఏ పార్కు మంచిది? ముందు ఉయ్యాల కింద నేల చూడండి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బదిలీ మీద మీరు కర్నూలు వచ్చి మూడు నెలలైంది. వెంకటరమణ కాలనీ వైపు అద్దె ఇల్లు. రెండేళ్ల పాప, ఐదేళ్ల బాబు. ఇరుగుపొరుగువాళ్లు తలా ఒక పార్కు పేరు చెబుతున్నారు, ఏది ఎంచుకోవాలో తేలడం లేదు. పిల్లలకు చెప్పులు వేయాలా, బూట్లు వేయాలా అని కూడా చివర్లో అడిగారు. ఆ ప్రశ్న మీరు అనుకున్నంత చిన్నది కాదు, దాని దగ్గరికి నేనూ చివర్లోనే వస్తాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా పురపాలక సంఘాల్లో ఇంజనీరుగా పనిచేశాను. రోడ్లు, మురుగు కాలువలు, మంచినీటి పైపులే ఎక్కువ. మధ్యమధ్యలో పార్కులు. రాయలసీమ పట్టణాల్లో ఉయ్యాలలు, జారుడుబల్లలు పాతించాను. తరవాత వాటికి మరమ్మతులు చేయించలేక మాటలూ పడ్డాను. పదవీ విరమణ తరవాత మనవళ్లను తీసుకుని అవే పార్కులకు వెళుతున్నాను. బిల్లు మీద సంతకం పెట్టిన చేతితోనే ఇప్పుడు ఉయ్యాల ఊపుతున్నాను కాబట్టి లోపాలు ఎక్కడ దాక్కుంటాయో కొంత తెలుసు.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఇంటి నుంచి పది నిమిషాల్లో నడిచి చేరగలిగేది, ఉయ్యాల కింద మెత్తటి నేల ఉన్నది, అదే మీ పార్కు. రంగులు వెలిసిపోయినా, ఫౌంటెన్ లేకపోయినా, గేటు దగ్గర ఏనుగు బొమ్మ చెవి విరిగిపోయినా పరవాలేదు. మనలో చాలామంది పార్కులోకి వెళ్లగానే తల ఎత్తి చూస్తాం. ఎంత ఎత్తు జారుడుబల్ల, ఎన్ని రంగులు, ఎన్ని దీపాలు అని. తల దించి చూడాలి.

ఎందుకంటే ఆటస్థలాల్లో పిల్లలకు తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం పడడం వల్లే. పిల్లలు పడతారు. పడకుండా ఆడే పిల్లవాడు ఆడడం లేదని అర్థం. పడినప్పుడు కింద ఏముంది అన్నదాన్ని బట్టే మోకాలు గీసుకుపోవడమా, మణికట్టు విరగడమా అన్నది తేలుతుంది.

నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక పట్టణంలో కొత్త పార్కు కట్టాం. ప్రారంభోత్సవం దగ్గరపడింది. ఉయ్యాలల కింద ఇసుక పోయించాలని అంచనాలో ఉంది, కానీ వచ్చే పెద్దల చెప్పులకు ఇసుక అంటుతుందని, ఫోటోల్లో బాగుండదని ఎవరో అన్నారు. నగిషీ ఉన్న సిమెంటు పలకలు పరిపించాం. అద్దంలా ఉంది. నేనూ మురిసిపోయాను. రెండో వారంలోనే ఒక అబ్బాయి ఉయ్యాల మీంచి ముందుకు దూకి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఇసుక ఉన్నా వాడు దూకేవాడే, కానీ చెయ్యి విరిగేది కాదేమో. ఆ పలకల మీద సంతకం నాది. ఆ తరవాత పనిచేసిన ఏ ఊళ్లోనూ ఉయ్యాల కింద పలకలు పరవనివ్వలేదు.

ఇసుక అంటే ఏదో నాలుగు బుట్టలు చల్లడం కాదు. అడుగు లోతు పోయాలి. పిల్లల తొక్కుడుకు అది అణిగి తొమ్మిది అంగుళాలకు దిగుతుంది, అంతకంటే తగ్గకూడదు. అప్పటికీ అది నాలుగడుగుల ఎత్తు నుంచి పడే పిల్లవాడినే కాపాడుతుంది. ఎనిమిది అడుగుల ఎత్తున్న కోట లాంటి జారుడుబల్ల కట్టి కింద చారెడు ఇసుక పోస్తే అది కంటితుడుపు. ఇంకో సంగతి, నది ఇసుక రేణువు గుండ్రంగా ఉంటుంది, పాదం పడగానే పక్కకు జరుగుతుంది. క్రషర్ల నుంచి వచ్చే రాతి ఇసుక కోణాలు కోణాలుగా ఉంటుంది, ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఒక వాన పడగానే గట్టిపడుతుంది. చూడడానికి రెండూ ఇసుకే. పడ్డ పిల్లవాడికే తేడా తెలుస్తుంది.

పరీక్ష తేలిక. ఉయ్యాల ఆగిన చోట, జారుడుబల్ల దిగే చోట వంగి, ఇంటి తాళంచెవి నిలువుగా గుచ్చండి. వేళ్ల బలంతో పూర్తిగా దిగిపోతే పైపొర మెత్తగా ఉన్నట్టు. సగంలో ఆగితే ఇసుక గట్టిపడింది, గడ్డపారతో ఒకసారి తిరగేయిస్తే సరిపోతుంది. టక్కుమని శబ్దం వస్తే కింద కాంక్రీటు ఉంది, ఆ ఉయ్యాల వదిలేయండి. స్తంభాల మొదళ్లు కూడా చూడండి. పాతేటప్పుడు కాంక్రీటు దిమ్మె నేల కింద ఉంటుంది, కాళ్ల రాపిడికి మట్టి కొట్టుకుపోయి రెండు మూడేళ్లకు దిమ్మె అంచు బయటపడుతుంది. సరిగ్గా పిల్లల తల పడే చోటే ఆ అంచు ఉంటుంది. స్తంభం లోపల గుల్లగా ఉన్న ఇనుప పైపు అయితే, మట్టి తాకే చోట తుప్పు పడుతుంది. పైన కొత్త రంగు వేస్తారు, అక్కడ వేయరు. చేత్తో పట్టుకుని బలంగా కుదిపి చూడండి, ఊగితే ఇక ఆలోచించనక్కరలేదు.

ఈ మధ్య ప్లాస్టిక్ గడ్డి పరుస్తున్నారు. పచ్చగా కనిపిస్తే మెత్తగా ఉంటుందని మన కన్ను నమ్మేస్తుంది. కింద నేరుగా కాంక్రీటు ఉంటే అది తివాచీ పరిచిన బండ, అంతే. మందమైన రబ్బరు పలకలు నిజంగానే పనికొస్తాయి, కానీ మన ఎండలో వాటికి వేరే చిక్కు ఉంది.

ఎండ సంగతి కొత్తగా వచ్చినవారికి విడిగా చెప్పాలి. కర్నూలులో ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటడం వార్త కాదు. నల్ల రబ్బరు, స్టీలు, ముదురు రంగు ప్లాస్టిక్ ఏదైనా సరే, గాలిలో వేడి కంటే చాలా ఎక్కువ కాగుతుంది. రెండేళ్ల పిల్లల చర్మం పలుచన. పైగా కాలగానే పెద్దవాళ్లలా చటుక్కున లేవరు, అక్కడే కూర్చుని ఏడుస్తారు. కాబట్టి కూర్చోబెట్టే ముందు మీ అరచేయి కాదు, చేతి వెనక భాగం ఆనించి ఐదు వరకు లెక్కపెట్టండి. మీరు ఉంచలేకపోతే పాప కూర్చోలేదు. పడమటి ముఖంగా ఉన్న జారుడుబల్ల సాయంత్రం ఎండంతా తాగుతుంది. ఉత్తర ముఖంగా పెట్టింది, లేదా పడమర వైపు పెద్ద వేపో కానుగో ఉన్నది చూసుకోండి. మా రోజుల్లో కొలతలు సరిపోతే చాలనుకుని ఏ దిక్కుకు పడితే ఆ దిక్కుకు పాతేశాం. వాస్తు కోసం గేటు మాత్రం మార్చేవాళ్లం!

నీడ అంటే తాటాకు ఆకారంలో కాంక్రీటు గొడుగులు కాదు, చెట్లు. కానుగ, వేప, రావి, నేరేడు. వేసవిలో సాయంత్రం కంటే ఉదయం మేలు. తెల్లవారి ఆరు నుంచి ఎనిమిది వరకు నేల చల్లగా ఉంటుంది. మే నెలలో ఆరు ముప్పావు దాకా వెలుగు ఉంటుంది కదా అని సాయంత్రం ఐదుకే బయలుదేరితే, రోజంతా కాగిన రాయి, కాంక్రీటు అప్పుడే వేడి వదలడం మొదలుపెడతాయి. డిసెంబరులో తలకిందులు. ఐదు ముప్పావుకే చీకటి పడుతుంది, నాలుగున్నరకే వెళ్లి రావాలి.

మీకు ఇద్దరు పిల్లలు, రెండు వేరు వేరు వయసులు. ఇది నిజంగా కష్టమైన లెక్క. ఐదేళ్లవాడికి ఎక్కడానికి, వేలాడడానికి ఎత్తు కావాలి. రెండేళ్ల పిల్లకు ఎత్తు పనికిరాదు. ఒకే నిచ్చెన ఇద్దరికీ సరిపోదు. చిన్నపిల్లల భాగం, పెద్దపిల్లల భాగం విడివిడిగా ఉన్న పార్కు మన దగ్గర దొరకడం అరుదు కాబట్టి నేను చూసేది ఒక్కటే: నేను కూర్చునే బల్ల మీంచి ఇద్దరూ కనబడతారా? గేటు నాకూ పిల్లలకూ మధ్య కాకుండా, నేను పిల్లలకూ గేటుకూ మధ్య ఉన్నానా? పార్కుకు గేటు ఒకటే ఉండి, అది నేరుగా బళ్లు తిరిగే రోడ్డు మీదకు తెరుచుకోకుండా ఉంటే సగం దిగులు తీరినట్టే. మూడు గేట్లున్న పెద్ద పార్కులో ఇద్దరు పిల్లలతో ఒంటరిగా ఉన్న తల్లికి విశ్రాంతి ఉండదు. ఊరంతా పొగిడే పార్కు మీకు కుదరకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఉయ్యాలల దగ్గర పాప కోసం నాలుగు వైపులా ఆనుకునే బుట్ట లాంటి సీటు వెతకండి. మూడేళ్లు నిండేవరకు పలక ఉయ్యాల వద్దు. బాబుకైనా ఇనుప పలక కంటే రబ్బరు పట్టీ మేలు. ఎందుకంటే ఉయ్యాల దెబ్బల్లో కూర్చున్నవాడు పడడం ఒక రకం అయితే, ఖాళీ పలక వెనక్కి వచ్చి పక్కన నడుస్తున్న చిన్నపిల్ల నుదుటికి తగలడం రెండో రకం. పై కడ్డీ ఏడడుగుల ఎత్తుంటే ముందు పద్నాలుగు, వెనక పద్నాలుగు అడుగులు ఖాళీగా ఉండాలన్నది లెక్క. మన పార్కుల్లో ఆ దూరంలో ప్రహరీ గోడో, పూల కుండీయో, బజ్జీల బండో ఉంటుంది. కనీసం పాప ఆ గీత దాటకుండా మీరు చూసుకోవాలి. గొలుసు పైకడ్డీకి తగిలించిన కొక్కేన్ని కూడా ఒకసారి తల ఎత్తి చూడండి. సగం అరిగి, నోరు తెరుచుకుని ఉంటే అది ఈ రోజో రేపో ఊడుతుంది. తల ఎత్తి చూడమని నేను చెప్పేది ఇదొక్కటే.

కడ్డీల మధ్య సందుల గురించి ఎవరూ చెప్పరు. జారుడుబల్ల పైన అరుగు చుట్టూ కటకటాలు ఉంటాయి కదా. వాటి మధ్య సందు తొమ్మిది సెంటీమీటర్ల నుంచి ఇరవై మూడు సెంటీమీటర్ల దాకా ఉంటే చిన్నపిల్లల ఒళ్లు దూరుతుంది, తల దూరదు. కాళ్లు ముందు పెట్టి జారినవాళ్లు మెడ దగ్గర వేలాడిపోతారు. టేపు పట్టుకుని వెళ్లనక్కరలేదు. లీటరు నీళ్ల సీసా సులువుగా పట్టే సందులో టిఫిన్ పళ్లెం పట్టకపోతే అదే ప్రమాదకరమైన సందు. ఈ రెండూ ఎలాగూ మీ సంచిలో ఉంటాయి.

అలాగే మెడలో తాయెత్తు, గట్టి నూలు దారం, వెండి గొలుసు ఉంటే పార్కుకు వెళ్లేముందు తీసేయండి. దిష్టి తగులుతుందని అమ్మమ్మలు ఒప్పుకోరు, తెలుసు. మా ఇంట్లోనూ ఒప్పుకోలేదు. జారుడుబల్ల పైన ఒక బోల్టు తల బయటికి పొడుచుకుని ఉంటే చాలు, దారం దానికి చిక్కుకుంటుంది, పిల్లవాడు కిందకు జారతాడు. తాయెత్తు నడుముకో జబ్బకో కట్టుకోవచ్చని చెప్పి మా ఆవిడను ఒప్పించాను. పాపకు పట్టు పరికిణీ వేసి రంగులరాట్నం ఎక్కించడమూ అంతే.

పెద్దల వ్యాయామం కోసం పెట్టిన ఓపెన్ జిమ్ పరికరాలు ఇప్పుడు చాలా పార్కుల్లో ఉన్నాయి. వాటిని పిల్లల ఉయ్యాలల పక్కనే పెడతారు, స్థలం కలిసొస్తుందని. బాబుకు అవే ముద్దు. ఒకడు ఊపుతుంటే ఇంకొకడు కీలు మధ్యలో వేలు పెడతాడు. బరువైన ఇనుము, పెద్దల కొలతకు చేసింది, వేలు నలిగితే గోరుతో పోదు. వాటికి దూరంగా ఆటస్థలం ఉన్న పార్కునే ఎంచుకోండి. వీలుకాకపోతే మొదటి రోజే బాబుతో గట్టిగా మాట్లాడుకోండి.

ఇక ఊళ్లోని స్థలాలు. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయినప్పుడు ఏర్పడిన ఎ, బి, సి క్యాంపుల వైపు వీధులు కొంత విశాలం, పాత చెట్లు ఇంకా కొన్ని మిగిలాయి. అటు నడకకే బాగుంటుంది. మీ ఇంటి వైపు నుంచి దూరం ఎంతో మీరే చూసుకోండి, ఆటో ఎక్కాల్సి వస్తే అది రోజువారీ పార్కు కాదు. కొండారెడ్డి బురుజు నడిబొడ్డున ఉంది. ఆవరణలో పచ్చిక ఉంది, బంతి దొర్లించుకోవచ్చు. ఆలంపురం పాలకుడైన కొండారెడ్డిని అందులో బంధించారని చెబుతారు. మీ బాబుకు ఆ కథ చెబితే మూడు రోజులు దాని మీదే ప్రశ్నలు వేస్తాడు. కానీ మెట్లు ఎత్తు, పాపను చంకనెత్తుకుని ఎక్కడం మీకు శిక్ష. చుట్టూ రద్దీ. అది చూడదగిన చోటు, ఆటస్థలం కాదు.

ఓర్వకల్లు రాతివనం గురించి మీ పక్కింటివాళ్లు తప్పకుండా చెప్పి ఉంటారు. నంద్యాల దారిలో ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. ప్రకృతి చెక్కిన ఆ రాళ్ల ఆకారాలు నిజంగా అద్భుతం, మధ్యలో నీళ్లు, పడవ. ఆరేళ్లు దాటిన పిల్లలతో శీతాకాలం ఉదయాన వెళ్లండి, మరచిపోరు. రెండేళ్ల పిల్లతో మాత్రం రాళ్ల అంచులు, నీళ్లు, ఎండ మూడూ కలిసి మీ ప్రాణం తీస్తాయి. నందికొట్కూరు దారిలో గార్గేయపురం చెరువు, నగరవనం ఉన్నాయి. అక్కడ చెట్ల నీడ, పక్షులు. నెలకోసారి, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు తోడుంటే మంచి విహారం. చెరువు గట్టు మీద పాప చెయ్యి వదలకండి.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి. కర్నూలు నీళ్ల ఊరు. తుంగభద్ర, హంద్రీ కలిసే చోటు, ఊరి మధ్యలో కె.సి. (కర్నూలు-కడప) కెనాల్. 2009 అక్టోబరు వరద చూసినవాళ్లకు ఈ నదులంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మేం చిన్నప్పుడు వేసవిలో తుంగభద్ర ఇసుకలోనే ఆడుకున్నాం, అంతకు మించిన ఆటస్థలం ఏ ఇంజనీరూ కట్టలేడు. ఇప్పుడు పిల్లలను అక్కడికి వదలమని చెప్పలేను. ఇసుక తవ్విన గుంటల్లో నీళ్లు నిలుస్తాయి, పైకి మోకాలి లోతులా కనిపిస్తుంది, అడుగు వేస్తే మనిషి లోతు. 2020 పుష్కరాలకు కట్టిన ఘాట్ల మెట్లపై పాచి ఉంటుంది. కాలువ ఒడ్డున ఉన్న ఏ పార్కుకైనా కాలువ వైపు గోడ మీ పాప భుజం కంటే ఎత్తుందా, మధ్యలో కంత ఉందా అన్నది మొదట చూడండి. పసిపిల్లలు మునగడానికి కాలువే అక్కరలేదు, జానెడు నీళ్లున్న ఫౌంటెన్ తొట్టి చాలు, అరుపు కూడా వినిపించదు.

చిన్న చిన్నవి కొన్ని త్వరగా చెప్పేస్తాను. కంచె వెంట గన్నేరు ఉందేమో చూడండి. ఎర్ర గన్నేరూ పచ్చ గన్నేరూ రెండూ విషమే, పచ్చ గన్నేరు కాయలు మరీను. నీళ్లు పెట్టకపోయినా బతుకుతుందని, మేకలు తినవని పార్కుల వాళ్లు ఇష్టంగా నాటుతారు, నేనూ నాటించాను. రెండేళ్ల పిల్లలు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు. వయ్యారిభామ కలుపు దట్టంగా పెరిగి ఉంటే ఒళ్లు దురదలు, దగ్గు. ఆటకు పెట్టిన పాత టైర్లలో వాన నీళ్లు నిలిస్తే అందులోనే డెంగీ దోమ పుడుతుంది. అది పగటి పూట కుడుతుంది, ముఖ్యంగా ఉదయం, సాయంత్రం, అంటే మీరు పార్కులో ఉండే వేళకే. కుక్కలు పడుకునే మూల ప్రతి పార్కులో ఉంటుంది. పిల్లలు పరుగెత్తితే అవీ పరుగెత్తుతాయి. కరిచినా, గీరినా ఆ చోటును సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీటి కింద కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో టీకా వేస్తారు. పసుపు, కారం పూయమనే పెద్దవాళ్ల మాట వినకండి.

తిండి విషయంలో కొంచెం కఠినంగా ఉంటాను. మన ఊళ్లో పార్కు గేటు దగ్గర ఉడకబెట్టిన వేరుసెనక్కాయల బండి లేకుండా ఉండదు. నాలుగేళ్లలోపు పిల్లలకు పల్లీలు గింజలుగా ఇవ్వకండి, ముఖ్యంగా పరుగెడుతున్నప్పుడు, ఊగుతున్నప్పుడు. గింజ శ్వాసనాళంలోకి పోవడానికి ఒక్క నవ్వు చాలు. ఉయ్యాల ఊపుతూ పెరుగన్నం ముద్దలు పెట్టే తల్లులను రోజూ చూస్తుంటాను. ఇంట్లో తినని పిల్ల అక్కడైనా నాలుగు ముద్దలు తింటుందన్న ఆశ నాకు అర్థమవుతుంది. ఉయ్యాల ఆపి, కిందకు దించి, కూర్చోబెట్టి పెట్టండి. ఆట పోతే ముద్ద మింగదంటారా, అయితే ఆ రోజుకు ఆకలి లేదన్నమాట.

రోజూ వెళ్లేది ఎందుకు ముఖ్యమంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాది నుంచి నాలుగేళ్ల వరకు పిల్లలు రోజు మొత్తంలో మూడు గంటలు కదులుతూ ఉండాలి. మూడేళ్లు దాటితే అందులో ఒక గంట ఆయాసం వచ్చే ఆట. ఐదేళ్ల నుంచి, ఆ సంస్థే 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం, రోజుకు సగటున ఒక గంట అలాంటి ఆట. ఆదివారం ఓర్వకల్లు వెళ్లి వారమంతా ఫోను చేతిలో పెడితే ఈ లెక్క తేలదు. ఇంటి నుంచి పార్కు దాకా పాప తన కాళ్ల మీద నడిచే పది నిమిషాలు కూడా ఆ మూడు గంటల్లోకే వస్తాయి. అందుకే నడిచి వెళ్లగలిగే దూరం అని మొదట్లోనే పట్టుబట్టాను. స్కూటరు ముందు నిలబెట్టి తీసుకెళితే సగం ప్రయోజనం దారిలోనే పోతుంది.

మీ కాలనీలోనే ఖాళీ స్థలం ఉందేమో కనుక్కున్నారా? అనుమతి పొందిన లేఅవుట్ అయితే మొత్తం స్థలంలో పది శాతం ఖాళీగా విడిచి పురపాలక సంస్థకు అప్పగించాలన్నది నిబంధన. చాలాచోట్ల అది ముళ్లకంపతో, పాత ఇటుకల కుప్పలతో పడి ఉంటుంది, లేదా ఎవరో బర్రెలు కట్టేస్తారు. నలుగురు తల్లిదండ్రులు కలిసి వార్డు సచివాలయానికి వెళ్లి వసతుల కార్యదర్శికి అర్జీ ఇవ్వండి. ఉత్తరం పొడుగ్గా వద్దు. ఉయ్యాలలు, ఫౌంటెన్ అడగకండి. ముళ్లు తీయించి, చుట్టూ కంచె, ఒక గేటు, రెండు ట్రాక్టర్ల ఇసుక, నాలుగు కానుగ మొక్కలు అడగండి. ఇంజనీరుగా చెబుతున్నాను, ఇసుక అడిగితే ఏ అధికారీ కాదనడు, ఫౌంటెన్ అడిగితే అంచనా తయారు కావడానికే ఏడాది పడుతుంది. రెండేళ్ల పిల్లకు ఒక ఇసుక కుప్ప, ఒక పాత గిన్నె, ఒక గరిటె ఉంటే గంట గడుస్తుంది. బాబుకు నలుగురు స్నేహితులుంటే చాలు, పరికరం అక్కరలేదు. రాత్రిళ్లు ఆ ఇసుక మీద పిల్లులు పాడు చేయకుండా ఒక పట్టా కప్పాలి. ఆ బాధ్యత ఎవరో ఒకరు తీసుకోవాలి, లేకపోతే నెల తిరక్కుండా దుర్వాసన.

మాల్‌లలో, ఎగ్జిబిషన్‌లలో డబ్బు కట్టి ఆడించే గాలి బొమ్మలు, ఎగిరే తెరలు (ట్రాంపోలిన్లు) వాన రోజుల్లో ఒకటి రెండుసార్లు సరే. ఎగిరే తెర మీద పెద్ద పిల్లలతో కలిసి పాపను మాత్రం ఎక్కించకండి. పెద్దవాడు దిగినప్పుడు చిన్నది బంతిలా ఎగురుతుంది.

ఈ పరీక్షలన్నీ పిల్లలను వెంటపెట్టుకుని చేయలేరు. ఒక సాయంత్రం వాళ్లను ఇంట్లో వాళ్ల నాన్నకు అప్పగించి మీరొక్కరే వెళ్లండి. తాళంచెవి, నీళ్ల సీసా, టిఫిన్ పళ్లెం. చూసేవాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. అరగంటలో మూడు పార్కులు తేలిపోతాయి. మరుగుదొడ్డి తలుపుకు గడియ ఉందా, కుళాయిలో నీళ్లు వస్తున్నాయా అన్నదీ అప్పుడే చూడండి. రెండేళ్ల పిల్లతో ఆ సంగతి వచ్చేదే.

ఇప్పుడు చెప్పులా, బూట్లా. కర్నూలు నేలలో పల్లేరుకాయలు ఉంటాయి. ఉత్త కాళ్లతో నడవనిస్తే మొదటి రోజే ఏడుపు. పట్టీ ఉన్న చెప్పులో, మెత్తటి బూట్లో వేసి నడిపించండి. కానీ జారుడుబల్ల మెట్టు ఎక్కేముందు పాపవి విప్పేయండి. మూడేళ్ల కిందట మా మనవరాలికి రెండేళ్లు. ఒక్కతే జారడానికి భయపడింది, నేను ఒళ్లో కూర్చోబెట్టుకుని జారాను. అదే భద్రమని ఎవరైనా అనుకుంటారు. మధ్యలో దాని రబ్బరు బూటు అంచుకు అతుక్కుని ఆగిపోయింది. అది ఒంటరిగా జారుతుంటే బూటుతో పాటు అదీ ఆగిపోయేది. వెనక నా డెబ్బై కిలోల బరువు ఉంది, ఆగలేదు. మోకాలి కింద ఎముక మెలిపడి చీలింది. నాలుగు వారాలు పిండికట్టు. పిండికట్టు వేసిన డాక్టరు, ఇలా వచ్చే పిల్లలందరూ పెద్దల ఒళ్లో జారినవాళ్లే అన్నారు. ముప్పై ఏళ్లు జారుడుబల్లలు పాతించినవాణ్ని, నాకు అది తట్టలేదు.

ఇప్పుడు దానికి ఐదేళ్లు. బల్ల ఎక్కేముందు బూట్లు విప్పి నా చేతికిచ్చి, కింద నన్ను నిలబడమంటుంది.